సెపియా పాతబడిన రంగు కాదు

మీ ఇంట్లో తాతల నాటి నలుపు తెలుపు ఫోటో గోడకు ఉంటే ఒకసారి కిందికి దించి వెలుతురులో పెట్టి చూడండి. అంచుల వెంబడి పసుపు పాకి ఉంటుంది. నల్లకోటు, నల్లజుట్టు ఉన్నచోట కాస్త వాల్చి చూస్తే నీలంగా, అద్దంలా మెరుస్తుంది. పెళ్లికూతురి తెల్లచీర మీద ఒకప్పుడున్న మడతలు మాయమై, అక్కడ ఉత్త కాగితం మిగిలి ఉంటుంది. కడపలోనో ప్రొద్దుటూరులోనో అనంతపురంలోనో అరవై డెబ్బై ఏళ్ల కిందట తీయించుకున్న పెళ్లి ఫోటోలు చాలా ఇళ్లలో ఇదే స్థితిలో ఉన్నాయి. వాటిని చూసి మనం సెపియా ఫోటోలు అనుకుంటాం. కాదు. అవి చెడిపోయిన ప్రింట్లు.

ఆ పసుపు ఎలా వచ్చిందో తెలిస్తే సెపియా ఏమిటో దానంతటదే తెలుస్తుంది. నలుపు తెలుపు ప్రింటులో నలుపంతా వెండే. జెలటిన్ పొరలో ఇరుక్కున్న సన్నని వెండి రేణువులు వెలుతురును మింగేస్తాయి, అందుకే మన కంటికి నల్లగా ఉంటాయి. డెవలపర్ అనే ద్రావణంలో బొమ్మ వచ్చాక, వెలుతురు తగలని వెండి లవణాలను కరిగించడానికి ప్రింటును హైపో అనే ఇంకో ద్రావణంలో వేస్తారు, దీన్నే ఫిక్స్ చేయడం అంటారు. తర్వాత ఆ హైపోను నీళ్లతో పూర్తిగా కడిగేయాలి. ముహూర్తాల రోజుల్లో స్టూడియోల్లో ఊపిరాడనంత పని, పైగా నీళ్ల కరువు. ఒకే తొట్టిలో ప్రింట్ల కట్టలు నానేవి. కాగితం పీచులో కొంత హైపో ఉండిపోయేది. హైపోలో గంధకం ఉంది. ఏళ్ల తరబడి అది విడిపోతూ, అందిన వెండిని అందినట్టు వెండి సల్ఫైడుగా మారుస్తుంది. ఆ పసుపు దాని పనే. గాలిలోని తేమ, ఇంటి పెయింటులోంచీ బీరువా చెక్కలోంచీ వచ్చే ఆవిర్లు ఇంకోవైపు నుంచి వెండిని కదిలించి పైపొర మీదికి తెస్తాయి. నల్లటిచోట్ల కనిపించే మెరుపుకు కారణం అది.

ప్రింటును రసాయనాలతో కావాలని గోధుమరంగుకు తిప్పే సెపియా టోనింగ్‌లో తయారయ్యేది కూడా ఆ వెండి సల్ఫైడే. కాకపోతే మిగిలిపోయిన హైపో దశాబ్దాలపాటు అక్కడక్కడా కొరుకుతూ చేసే పనిని మనం పావుగంటలో, ప్రింటంతా సమంగా, మనకు కావలసినంత మేరకు ముగించేస్తాం. సల్ఫైడుగా మారిన వెండిని గాలీ తేమా అంత తేలిగ్గా కదిలించలేవు. అమెరికాలో రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ మైక్రోఫిల్ముల మీద చేసిన పరిశోధనలు కూడా వెండి బొమ్మను కాపాడే విషయంలో సల్ఫైడు వైపే మొగ్గాయి. కాబట్టి ఎక్కడైనా వందేళ్ల నాటి సెపియా ప్రింటు మచ్చ లేకుండా కనిపిస్తే, అది పాతబడి గోధుమరంగుకు తిరిగిందని అనుకోకండి. గోధుమరంగుకు తిప్పబట్టే పాతబడకుండా ఉంది.

ఫోన్లలోని ఫిల్టర్లు దీన్ని పూర్తిగా తలకిందులు చేశాయి. నిన్న తీసిన ఫోటోకు పాతదనం రావాలంటే గోధుమరంగు, అంచులకు కాస్త మసక, అక్కడక్కడా గీతలు. టోనింగ్ చేసినవాళ్లు పాతదనం కోసం చేయలేదు, దాన్ని ఆపడానికి చేశారు. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరుగా పనిచేసిన రాజా దీన్ దయాళ్ కాలంలో ఆల్బుమెన్ ప్రింట్లకు, అంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన ప్రింట్లకు, బంగారు టోనింగ్ మామూలు పని. బంగారు లవణం కలిపిన ద్రావణంలో వేస్తే ఎర్రగా ఉన్న బొమ్మ ఊదా కలిసిన గోధుమకు తిరిగేది, ఎక్కువ కాలం నిలిచేది. అంత ఖరీదు పెట్టింది కస్టమరు చేతిలో బొమ్మ నాలుగు కాలాలు ఉండాలనే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టోనింగ్ ప్రింటు మీద పూసే రంగు కాదు. ప్రింటులో ఉన్న వెండినే ఇంకో పదార్థంగా మార్చే పని. అలాంటి పనిని అలంకారంగా చూడకూడదు. ఎక్స్‌పోజరు, కాంట్రాస్టు లాగే అది ప్రింటింగులో భాగం. నెగటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి పేపరు మీద పడేసే ఎన్‌లార్జర్ కింద పేపరు పెట్టకముందే తేల్చుకోవలసిన సంగతి.

బాగా రాని ప్రింట్లను టోనర్లో ముంచి గట్టెక్కించాలని చూసేవాళ్లను చాలామందిని చూశాను. పాలిపోయిన బూడిదరంగు ప్రింటును సెపియా చేస్తే పాలిపోయిన గోధుమ ప్రింటు వస్తుంది, అంతే. నిజానికి సెపియాకు వెళ్లే ప్రింటు మామూలు ప్రింటు కన్నా మేలైనది కావాలి. థయోయూరియా అనే రసాయనంతో చేసే సెపియా టోనింగ్‌లో బొమ్మ బరువు కొంత తగ్గుతుంది, నలుపుల లోతు పోతుంది. అందుకని కాస్త ముదురుగా, కాస్త గట్టి కాంట్రాస్టుతో ముందే వేసుకోవాలి. సేఫ్‌లైట్ కింద, అంటే డార్క్‌రూమ్ దీపం కింద, బాగుందనిపించిన ప్రింటును పక్కన పెట్టి, దానికన్నా ఒక మెట్టు బరువైన ప్రింటును టోనింగ్‌కు తీయడం నా పద్ధతి. పేపరు కూడా చూసుకోవాలి. నలుపులో కాస్త గోధుమ ఛాయ ఉండే వెచ్చని టోను పేపర్లలో వెండి రేణువులు సన్నగా ఉంటాయి, టోనర్‌కు తొందరగా లొంగుతాయి. చల్లని బ్రోమైడ్ పేపరు అంత తేలిగ్గా కదలదు. ఒకప్పుడు ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల 'ఇందు' పేపరు మన స్టూడియోల్లో తిరిగేది. 1960లో మొదలైన ఆ కంపెనీ మూతపడ్డాక మనకు దిగుమతి పేపర్లే గతి. ఒక్కో కాగితం ఖరీదు చూసినప్పుడల్లా ఆ ఫ్యాక్టరీ పోయినందుకు నాకు బాధేస్తుంది.

ఇక పని. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం, దీనికి చీకటి అక్కర్లేదు. ఫిక్స్ చేసి బాగా కడిగిన ప్రింటును పట్టపగలు, కిటికీ పక్కన, బొమ్మ మారుతుంటే కళ్లారా చూస్తూ టోన్ చేసుకోవచ్చు. కావలసిన రసాయనాలు కాలేజీ లాబులకు సరుకు వేసే దుకాణాల్లో దొరుకుతాయి. ముందు బొమ్మను వెలవెలబోయేలా చేసే బ్లీచ్‌కు పొటాషియం ఫెర్రిసయనైడు, పొటాషియం బ్రోమైడు. నేను వాడే ద్రావణంలో లీటరు నీళ్లకు ఒక్కోటి 10 గ్రాములు. మనవైపు ఎండలకు అది కూడా ఒక్కోసారి ఎక్కువే, సగానికి పలచన చేస్తాను. తర్వాత దాన్ని గోధుమరంగులో తిరిగి తెచ్చే టోనర్‌కు థయోయూరియా, కాస్టిక్ సోడా. కాస్టిక్ సోడా వంతు పెరిగితే చల్లని ముదురు గోధుమ వస్తుంది, థయోయూరియా వంతు పెరిగితే పసుపు వైపు తిరుగుతుంది. పాతకాలం పద్ధతిలో థయోయూరియా బదులు సోడియం సల్ఫైడు వాడేవారు. రంగు బాగుంటుంది కానీ కుళ్లిన కోడిగుడ్ల కంపు, దాంతోపాటు ఆ వాయువు తగిలితే పక్కనున్న కొత్త పేపరు పెట్టె మొత్తం పాడవుతుంది. డార్క్‌రూమ్‌లో మాత్రం దాని మూత తీయొద్దు.

ఫెర్రిసయనైడు పేరులో సయనైడు ఉందని భయపడేవాళ్లున్నారు. మామూలు వాడకంలో అంత భయం అక్కర్లేదు. అందులోని ఇనుము సయనైడును గట్టిగా పట్టి ఉంచుతుంది. గాఢమైన ఆమ్లం కలిసినా, బాగా వేడి తగిలినా మాత్రం విషవాయువు వస్తుంది. కాబట్టి యాసిడ్ సీసాలున్న అరలో దాన్ని ఉంచకూడదు. థయోయూరియాకు చేతికి తొడుగులు తప్పనిసరి. కాస్టిక్ సోడాను నీళ్లలో వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు.

తడిసిన ప్రింటును బ్లీచ్‌లో వేసి ట్రేను ఊపుతుంటే మొదట కొంతసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత తెల్లని భాగాల్లో సన్నగా ఉన్న వివరం ముందు కరుగుతుంది. మబ్బు అంచు, ధోవతి మడత, సున్నం గోడ మీది మరక. ఆ తర్వాత బూడిదరంగులు. నలుపు చిట్టచివర. వెండి తక్కువ ఉన్నచోట పని ముందు అయిపోతుంది కాబట్టి ఎప్పుడూ ఈ వరసే. పూర్తిగా వదిలేస్తే లేత పసుపు గోధుమలో నీడలాంటి బొమ్మ మాత్రం మిగులుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు ప్రింటు పోయిందని గుండె జారుతుంది. ఎక్కడికీ పోలేదు. వెండి వెండి బ్రోమైడుగా మారి అక్కడే ఉంది. తెల్లని అంచుల్లో పసుపు పోయేదాకా కడిగి టోనర్లో వేస్తే, కొన్ని క్షణాల్లో బొమ్మంతా గోధుమరంగులో లేచి వస్తుంది. టోనర్ వద్దనుకుంటే మామూలు డెవలపర్లో వేసినా నల్లబొమ్మే తిరిగి వస్తుంది. ఇంత దూరం వచ్చాక కూడా వెనక్కి తిరిగే దారి ఉంది.

కానీ ముందు కడగడంలో హైపో మిగిలితే ఆ దారి మూసుకుపోతుంది. బ్లీచ్‌లో తయారైన వెండి బ్రోమైడును హైపో అప్పటికప్పుడు కరిగించి తీసుకెళ్లిపోతుంది. మబ్బులు, తెల్ల బట్టలు మచ్చలు మచ్చలుగా ఎగిరిపోతాయి. ఈ గుణాన్నే కావాలని వాడుకుంటే ఫార్మర్స్ రెడ్యూసర్ అవుతుంది. 1880లలో హోవార్డ్ ఫార్మర్ చెప్పిన పద్ధతి అది: ఫెర్రిసయనైడు, హైపో కలిపి వెండిని ప్రింటులోంచి శాశ్వతంగా తీసేయడం. కలిపాక ఎక్కువసేపు పనిచేయదు, కలిపిన వెంటనే వాడేయాలి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ చీకటి ప్రింట్లలో కళ్లలోని, ముఖాల్లోని వెలుగును ఈ ఫెర్రిసయనైడుతోనే పైకి తెచ్చేవాడు.

నేను చిన్నచోట్లకు ఇలా చేస్తాను. తడి ప్రింటును గాజుపలక మీద పరిచి, పైనున్న నీటిని మెత్తటి గుడ్డతో అద్దేస్తాను. అలా అద్దకపోతే బ్లీచ్ పక్కకు పాకి చారలు పడతాయి. ఫెర్రిసయనైడు ఎంత పలచగా ఉండాలంటే, తెల్ల పింగాణీ గిన్నెలో నిమ్మరసం రంగు కనిపిస్తే చాలు. అంతకన్నా చిక్కగా వద్దు. సన్నని కుంచెతో ఒక అద్దు అద్ది, రెండు మూడు క్షణాలు చూసి, వెంటనే హైపోలోకి. చాలకపోతే కడిగి మళ్లీ అద్దు. వెలుగు పెరగడం కంటికి తెలిసేలోపే ఆపాలి, ఎందుకంటే హైపోలో పడ్డాక కూడా ఇంకొంచెం పెరుగుతుంది. ఇనుప పట్టీ ఉన్న కుంచె వాడితే ప్రింటు మీద నీలం మచ్చలు పడతాయి, ఫెర్రిసయనైడు ఇనుముతో కలిసి నీలిరంగు చేస్తుంది. పెచ్చు లేచిన ఎనామెల్ ట్రే, తుప్పు పట్టిన పాత పైపులోంచి వచ్చే నీళ్లు కూడా ఇంతే. అంత శ్రమపడి వేసిన ప్రింటు మీద ఆవగింజంత నీలం చుక్క కనిపిస్తే, నేరం ముందు ట్రేదో పైపుదో చూడండి.

బ్లీచ్ గురించి నాకు ఇంకో మాట గట్టిగా చెప్పాలని ఉంది. ఉరవకొండ వైపు ఒక పల్లెలో వేరుశనగ కళ్లం దగ్గర ఒక పెద్దాయనను ఫోటో తీస్తుంటే, తలకు రుమాల సర్దుకుంటూ, "రొంత తెల్లగా పడేటట్టు తీయి నాయనా" అన్నాడు. "నువ్వు ఉన్నట్టే బాగుంటావు తాతా" అన్నాను గానీ ఆయన నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు? మన స్టూడియోలు ఎన్నో ఏళ్లు నెగటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి మనుషుల చామనఛాయనంతా చెరిపేశాయి. పెళ్లిచూపుల ఫోటో అంటే ముఖం తెల్లబరిచిన ఫోటో. ఈనాటి ఫోన్లు అడక్కుండానే అదే పని చేస్తున్నాయి. కుంచె, ఫెర్రిసయనైడు చేతిలో ఉన్నవాడికి ఇంకా సులువు, ఒక్క నిమిషంలో ఎవరినైనా తెల్లగా చేసేయొచ్చు.

చేయకూడదు. ఆ పెద్దాయన ప్రింటులో నేను బ్లీచ్ తాకించింది రుమాల మడతలకు, కళ్లలోని చిన్న మెరుపుకు, చెంప ఎముక మీద నిజంగా ఎండ పడిన గీతకు. ఆ మూడు చోట్లా అప్పుడు వెలుగు ఉంది, ప్రింటులో అది నీరసంగా వచ్చింది, దాన్ని తిరిగి తెచ్చాను. చర్మం జోలికి పోలేదు. ఆ మూడూ తేరుకునేసరికి నల్లటి ముఖం దానంతటదే నిండుగా కనిపించింది. ఎండలో ఏళ్ల తరబడి కాగిన నల్లని ఛాయలో ఎన్ని మెట్లున్నాయో చూడాలంటే సగం సెపియా చేసిన ప్రింటు చూడాలి. ముఖంలో వెలుగు పడిన చోట్లు వెచ్చగా, నీడలు నల్లగా ఉండి, చర్మం కింద రక్తం ఉన్నట్టు తెలుస్తుంది. బ్లీచ్ ఉన్నది ముఖాలు తెల్లబరచడానికి కాదు. నాకు ఈ విషయంలో రాజీ లేదు.

సగం సెపియా అన్నాను కదా, అది నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి. పలచటి బ్లీచ్‌లో తెల్లని భాగాలు కదలగానే బయటికి లాగి కడిగేస్తే నలుపుల్లోని వెండి వెండిగానే ఉంటుంది. టోనర్లో వేస్తే వెలుగులు గోధుమకు తిరుగుతాయి, నీడలు నల్లగానే నిలుస్తాయి. ఆ మిగిలిన వెండికి సెలీనియం టోనర్ అనే ఇంకో రకం టోనర్ ఇస్తే అది కూడా గట్టిపడుతుంది, నలుపుకు ఇంకా లోతు వస్తుంది. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. పైకి లేవకుండా ఆగిపోయిన దాని గోపురాల మీద చెయ్యి పెట్టేంత చోటు కూడా వదలకుండా శిల్పం చెక్కారు. ఎండాకాలపు ఉదయం ఏటి ఇసుకతో కలిపి తీసిన ఒక నెగటివ్‌ను ఇలా టోన్ చేశాను. ఇసుక కాస్త వెచ్చబడింది, రాతి గూళ్లలోని చీకటి చిక్కబడింది. మామూలు ప్రింటులో ఆ రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉండేవి, ఇందులో విడిపోయాయి. నల్లని చెక్కడాల మధ్య ముందు కనిపించని చిన్న బొమ్మలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ఏ నేలకు ఏ టోను అని అడుగుతుంటారు. ఎర్రనేల కాబట్టి సెపియా, గండికోట రాయి ఎర్రగా ఉంటుంది కాబట్టి సెపియా అనే లెక్క నాకు నచ్చదు. ప్రింటులో ఎరుపు లేదు, అందులో ఉన్నది వెలుగు ఒక్కటే. గండికోట లోయను మిట్టమధ్యాహ్నం తీస్తే అక్కడి వెలుగు కత్తిలా ఉంటుంది, దానికి సెలీనియమే సరి. కర్నూలు వైపు నల్లరేగడి ఎండి నెర్రెలు విచ్చినప్పుడు కూడా అంతే, ఆ పగుళ్ల లోతు సెలీనియంలో ఉన్నంతగా సెపియాలో ఉండదు. సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చున్న మనుషులకైతే సెపియా.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు పుస్తకాలు రాసినవాళ్లకు అది సమస్య కాదు. ఫైబర్ పేపరును, అంటే ప్లాస్టిక్ పూత లేని ఫోటో కాగితాన్ని, పారే నీళ్లలో గంటసేపు కడగమంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురవడమే గొప్పగా ఉండే అనంతపురంలో, ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వీధిలో, ఒక ఫోటో కోసం గంటసేపు కుళాయి తిప్పి ఉంచడం నాకు మనసొప్పదు. అవసరం కూడా లేదు. లీటరుకు 20 గ్రాముల సోడియం సల్ఫైటు కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ఉంచితే కాగితం పీచులోని హైపో తేలిగ్గా వదులుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రపు నీళ్లతో కడిగిన ప్రింట్లలో హైపో తొందరగా పోతోందని గమనించాక ఈ రకం లవణాల వాడకం పెరిగింది. దాని తర్వాత ట్రేలో నీళ్లు నింపి, నానబెట్టి, పారబోసి, మళ్లీ నింపడం కొన్నిసార్లు చేస్తే చాలు. కడిగింది సరిపోయిందో లేదో ఊహించుకోనక్కర్లేదు. కాస్త అసిటిక్ ఆమ్లం కలిపిన పలచటి సిల్వర్ నైట్రేటు చుక్క తెల్లని అంచు మీద వేసి, రెండు నిమిషాలాగి చూస్తే ముదురు గోధుమ మచ్చ పడితే హైపో ఇంకా ఉన్నట్టు, లేతగా ఉంటే పోయినట్టు.

మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ, ఆరిన ప్రింటు మీద తెల్లగా చారలు కడుతుంది. రసాయనాలు కలపడానికీ ఆఖరి కడుగుకూ క్యాన్లలో వచ్చే ఆర్‌ఓ నీళ్లు వాడితే ఆ బెడద లేదు. ఇక ఎండ. రసాయన పట్టికలన్నీ 20 డిగ్రీలకు రాసినవి, మే నెలలో మన ట్యాంకు నీళ్లే అంతకు రెట్టింపు ఉంటాయి. జెలటిన్ మెత్తబడి గోరు తగిలితే లేచిపోతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున పని పెట్టుకోవడం, ట్రే కింద ఇంకో పెద్ద ట్రేలో ఐసు వేయడం తప్ప దారి లేదు.

ఇదంతా కంప్యూటర్లో ఒక్క నిమిషం పని కదా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. కంప్యూటర్లో మారేది తెర మీది రంగు. ఇంక్‌జెట్‌లో అచ్చువేసినా కాగితం మీద పడేది ఇంకు. ఆ పనికి దాని విలువ దానికుంది, నేనూ చేస్తాను. కానీ అందులో నిలకడను పెంచే రసాయన మార్పు ఏదీ జరగదు. గోధుమరంగు గోధుమరంగుగానే ఉంటుంది, కాపలా కాయదు.

మరి ఇంట్లో ఉన్న తాతల ఫోటో తెచ్చి, దీన్ని టోన్ చేసి కాపాడమని అడిగితే? నేను చేయను. పాత ప్రింటులో హైపో ఎంత మిగిలిందో, జెలటిన్ ఎంత పట్టుతో ఉందో పైకి తెలియదు. బ్లీచ్‌లో వేశాక ముఖమే కరిగిపోవచ్చు, తిరిగి రాదు. రంగులు అద్దిన ఫోటో అయితే ఆ రంగులు నీళ్లకే పోతాయి. అలాంటి ఫోటోను మంచి వెలుతురులో మళ్లీ ఫోటో తీయించండి. ఫిల్ము మీద తీస్తే ఇంకా మంచిది. ఆ కొత్త నెగటివ్ నుంచి ప్రింటు వేసి, దాన్ని బాగా కడిగి, సెపియా చేసి గోడకు పెట్టండి. అసలుదాన్ని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ తగలని చోట, వంటింటికి దూరంగా దాచండి.

నేర్చుకోవాలనుకునేవాళ్లు పాడైన ప్రింట్లతో కాకుండా, ఒకే నెగటివ్ నుంచి ఒకేలా వేసిన చిన్న సైజు ఆర్‌సీ పేపరు (ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం) ప్రింట్లతో మొదలుపెట్టండి, అవి తొందరగా కడుగుతాయి. ఒకదాన్ని ముట్టుకోకుండా పక్కన ఉంచుకుని, మిగతావాటిని బ్లీచ్‌లో రకరకాల సేపు ఉంచి పోల్చి చూడండి. వెనక పెన్సిల్‌తో బ్లీచ్ ఎంత పలచన, ఎంతసేపు అని రాసుకోండి. సెలీనియం విషం, పొడి రూపంలో దాని జోలికి పోవద్దు. తయారైన ద్రావణం కొని, గాలి ఆడే చోట వాడి, బలం తగ్గితే వడకట్టి కొత్తది కలుపుకుంటూ అదే సీసాను ఏళ్లు నడపండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది. దాన్ని మురుగుకాలవలోనూ చెట్టు మొదట్లోనూ పోయకుండా డబ్బాలో నిలవ చేయండి, ఎక్స్‌రే ఫిల్ముల వెండి తీసేవాళ్లు ఎక్కడున్నారో కనుక్కుని వాళ్లకు ఇవ్వండి.